ఆరని జ్యోతి, రాయని పేర్లు

సెలవులకి ఇండియా వెళ్ళే మన కుటుంబాలకి ఢిల్లీలో ఒక పూట ఆగాల్సి వస్తే చూసే చోట్లు మూడో నాలుగో ఉంటాయి. ఎర్రకోట, కుతుబ్ మీనార్, ఇండియా గేట్. మొదటి రెండింటి దగ్గరా గైడు చెప్పే కథలుంటాయి. ఇండియా గేట్ కింద మటుకు చాలా ఏళ్ళు ఒక మంట ఉండేది. నల్లరాతి దిమ్మ మీద తలకిందులుగా నిలబెట్టిన తుపాకీ, దాని మీద ఇనప టోపీ, పక్కన ఆరకుండా వెలిగే జ్యోతి. అక్కడికి వచ్చినవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు, ఫోటో తీసుకునేవారు, ఐస్‌క్రీమ్ బండి వైపు నడిచేవారు. ఆ జ్యోతిని 2022 జనవరి 21న అక్కడినుంచి తీసుకెళ్ళి, దగ్గర్లోనే ఉన్న జాతీయ యుద్ధ స్మారకంలోని జ్యోతిలో కలిపేశారు.

కథల మీదా, సినిమాల మీదా ధారాళంగా విమర్శలు రాసే మనం స్మారకాల జోలికి పోము. పోయినవాళ్ళ మీద ఉండే గౌరవం నోటికి అడ్డొస్తుంది. కానీ స్మారకం కూడా ఒక రచనే. ఏది చెప్పాలో, ఏది వదిలెయ్యాలో ఎవరో కొందరు కూర్చుని తేల్చుకున్నాకే అది లేస్తుంది. కాబట్టి దాన్ని కూడా చదవచ్చు, బాగోగులు చెప్పుకోవచ్చు. నా అభిప్రాయం దాచకుండా ముందే చెప్పేస్తాను. సైనికుల కోసం వెలిగించే జ్యోతి పక్కన రెండు విషయాలు రాసి ఉండాలి: పోయినవాడి పేరు, పోయిన కారణం. ఆ రెండూ లేకపోతే, చూసి వెళ్ళేవాడికి కాస్త మనశ్శాంతి దొరుకుతుందేమో గాని, పోయినవాడికి జరగవలసిన మర్యాద సగమే జరిగినట్టు.

మంట వెనక మనిషి

అజ్ఞాత సైనికుడికి సమాధి కట్టాలన్న ఆలోచన యూరప్‌లో పుట్టింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి గుండ్ల కింద ఆనవాలు దొరక్కుండా పోయినవాళ్ళు లక్షల్లో తేలారు. కొడుకు ఎక్కడ పడిపోయాడో తెలియని తల్లిదండ్రులకి ఏదో ఒక సమాధి చూపించాలి. 1920 నవంబర్ 11న లండన్‌లో వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీకీ, పారిస్‌లో విజయ తోరణానికీ గుర్తు తెలియని సైనికుడి శవపేటికని ఒక్కొక్కటి చొప్పున ఊరేగించి తెచ్చారు. పారిస్ సమాధి దగ్గర 1923 నవంబర్ 11న జ్యోతి వెలిగించారు. అప్పటినుంచి ప్రతి సాయంత్రం ఆరున్నరకి మాజీ సైనికుల సంఘాల వాళ్ళు వచ్చి ఆ మంటని మళ్ళీ ఎగదోస్తారు. మాస్కోలో క్రెమ్లిన్ గోడ పక్కన 1967లో ఇలాంటిదే వెలిగింది. మన ఢిల్లీలో 1971 యుద్ధం ముగిసి ఆరు వారాలు తిరక్కుండానే, 1972 జనవరి 26న, ఇందిరాగాంధీ అమర్ జవాన్ జ్యోతిని ప్రారంభించారు.

ఢిల్లీ జ్యోతి 2006 వరకు గ్యాస్ సిలిండర్లతో వెలిగింది, ఆ తరవాత పైపు గ్యాస్ వచ్చింది. అంటే ముప్ఫై ఏళ్ళకి పైగా, ఒక సిలిండర్ అయిపోయేలోగా ఎవరో ఒకరు ఇంకోటి బిగిస్తూ వచ్చారన్న మాట. మన ఇళ్ళల్లో అఖండ దీపం పెడితే తెల్లవార్లూ ఒకరు మేలుకుని నూనె పోస్తారు చూడండి, అదే లెక్క. మా వృత్తిలో కూడా ఇలాంటి మాట ఒకటుంది. ఎప్పుడూ పడిపోని సిస్టమ్ అని కస్టమర్‌కి చెబుతాం. రాత్రి రెండు గంటలకి ఫోన్ మోగితే లేచి కూర్చునే మనిషి ఒకడు ఎక్కడో ఉన్నాడని దానర్థం.

జ్యోతి గొప్పతనం ఇక్కడే ఉంది. రాతి విగ్రహాన్ని ఒకసారి నిలబెట్టి మరిచిపోవచ్చు. మంటని మరిచిపోతే ఆరిపోతుంది. రోజూ ఎవరో గుర్తుపెట్టుకుంటేనే ఉంటుంది గనక అది జ్ఞాపకానికి సరైన పోలిక. ఈ కొలతతో చూస్తే హైదరాబాదులో హుస్సేన్ సాగర్ పక్కన 2023 జూన్ 22న ప్రారంభించిన తెలంగాణ అమరవీరుల స్మారకం నాకు కొంత వెలితిగా అనిపించింది. అది సైనికుల కోసం కట్టింది కాదు, ఉద్యమంలో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళ కోసం కట్టింది. ప్రమిద ఆకారం, స్టెయిన్‌లెస్ స్టీలు పూత, ధగధగలాడే పనితనం. చూడముచ్చటగానే ఉంది. కానీ స్టీలు జ్వాలకి నూనె పోసేవాడితో పనిలేదు. వెలిగించినది కాదు గనక ఆరిపోతుందన్న భయమూ లేదు. ఆ భయం పోవడంతో జ్యోతికి ఉండే అర్థం కూడా సగం పోయింది.

పేరు లేకపోవడంలో మూడు రకాలు

ఇక పేరు సంగతి. అజ్ఞాత సైనికుడు అనగానే మనమంతా ఒకే అర్థం తీసుకుంటాం. నిజానికి పేరు లేకపోవడం మూడు రకాలుగా ఉంటుంది. ఒకటి పోయిన పేరు, రెండోది రాయని పేరు, మూడోది వద్దనుకున్న పేరు.

పోయిన పేరు అంటే నిజంగా ఎవరూ కనిపెట్టలేనిది. ఇంగ్లీషు వాళ్ళ యుద్ధ శ్మశానాల్లో గుర్తు తెలియని సమాధుల మీద, ఇతనెవరో దేవుడికే తెలుసునన్న అర్థం వచ్చే మాట చెక్కి ఉంటుంది. ఆ మాటని ఎంచి ఇచ్చినది రడ్యార్డ్ కిప్లింగ్. ఆయన కొడుకు 1915లో లూస్ యుద్ధంలో కనిపించకుండా పోయాడు. ఎంత వెతికించినా తండ్రి బతికుండగా ఆ సమాధి దొరకలేదు. ఈ రకం అజ్ఞాతానికి తలవంచాల్సిందే. అయితే ఇది కూడా శాశ్వతం కాదు. అమెరికాలో ఆర్లింగ్టన్ శ్మశానంలో వియత్నాం యుద్ధపు అజ్ఞాత సైనికుడిగా 1984లో పాతిపెట్టిన అవశేషాలు, 1972లో విమానం కూలి చనిపోయిన మైకేల్ బ్లాసీ అనే వైమానిక దళ అధికారివని 1998లో డీఎన్ఏ పరీక్ష తేల్చింది. వాళ్ళ కుటుంబం ఆయన్ని సొంత ఊరికి తీసుకెళ్ళింది. ఆర్లింగ్టన్‌లో ఆ గదిని ఖాళీగానే ఉంచారు. ఇరవై ఆరేళ్ళ అజ్ఞాతవాసం ఒక పరీక్షతో ముగిసింది.

రాయని పేరు వేరు. దానికి మనకి దగ్గరి ఉదాహరణ మేముండే దేశానికి సరిహద్దు దాటితే ఉంది. ఇరాక్‌లో బస్రా స్మారకం మొదటి యుద్ధంలో మెసపొటేమియాలో చనిపోయిన నలభై వేలమందికి పైగా సైనికుల కోసం కట్టినది. మొదట ఊరికి ఆనుకుని ఉండేది. 1997లో సద్దాం హుస్సేన్ ఆజ్ఞ మీద నాసిరియా దారిలో ముప్ఫై కిలోమీటర్ల అవతలికి, ఎడారిలోకి మార్చారు. అందులో ఎక్కువమంది మనవాళ్ళే. బ్రిటిష్ సైనికుల పేర్లు చెక్కారు. భారత సైన్యంలో అధికారుల పేర్లు చెక్కారు. మామూలు సిపాయిల్ని మటుకు రెజిమెంట్ పేరు కింద ఒక అంకెగా చెక్కారు. ఇంతమంది ఇతరులు, అంతే. వాళ్ళకి పేర్లు లేక కాదు. జీతం పట్టీల్లో ఉన్నాయి, ఇంటికి పంపిన కాగితాల్లో ఉన్నాయి. గోడ మీదకి ఎక్కించనక్కర్లేదని ఎవరో అనుకున్నారు.

ఇది నా ఊహ కాదు. ఆ స్మారకాలని చూసుకునే కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల సంఘమే 2021 ఏప్రిల్‌లో ఒక నివేదిక వేసి ఒప్పుకుంది. భారత, ఆఫ్రికా, ఈజిప్టు సైనికుల్లో 45,000 నుంచి 54,000 మందిని మిగతావాళ్ళతో సమానంగా స్మరించలేదని, ఇంకా కనీసం 1,16,000 మందికి పేరుతో స్మారకం గాని, అసలే స్మారకం గాని లేదని లెక్క తేల్చి క్షమాపణ చెప్పింది. బ్రిటిష్ పార్లమెంటులో రక్షణ మంత్రి కూడా చెప్పారు. వందేళ్ళు గడిచాక వచ్చిన క్షమాపణ.

ఆ అంకెల్లో తెలుగువాళ్ళు కూడా ఉండి ఉంటారు. మెసపొటేమియాలో పనిచేసిన మద్రాస్ సాపర్ల దళంలో తమిళులతో పాటు తెలుగువాళ్ళు కూడా చేరేవారు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరుంది, మిలిటరీ మాధవరం అంటే గోదావరి జిల్లాల వాళ్ళకి ఇట్టే తెలుస్తుంది. మొదటి యుద్ధానికి తొంభై మంది, రెండో యుద్ధానికి వెయ్యిమందికి పైగా వెళ్ళారని ఆ ఊరి లెక్క. ఇలా ఒక ఊరు తన పిల్లల్ని లెక్కపెట్టుకుంటే, వాళ్ళని తీసుకెళ్ళిన సామ్రాజ్యం వాళ్ళలాంటి వాళ్ళని అంకెల్లో కలిపేసింది. రాయని పేరుకి కూడా అజ్ఞాతం అనే పెద్దమాట తొడిగితే, రాయనివాడి తప్పు కనపడకుండా పోతుంది. జ్యోతి వెలుగులో ఆ తేడా తెలియదు. నా మొదటి అభ్యంతరం ఇదే.

ఇండియా గేట్ మీద పదమూడు వేలకి పైగా పేర్లున్నాయి. అవి బ్రిటిష్ కాలపు పేర్లు. 1971లో పోయినవాళ్ళ కోసం వెలిగించిన జ్యోతి ఆ పేర్ల కింద యాభై ఏళ్ళు వెలిగింది. పేర్లు ఒకరివి, మంట ఇంకొకరిది. 2019 ఫిబ్రవరి 25న ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకంలో స్వాతంత్ర్యం తరవాత పోయిన 25,942 మంది పేర్లు చెక్కారు. పేర్లున్న చోటే జ్యోతి ఉండాలని ప్రభుత్వం వైపు వాదించినవాళ్ళు అన్నారు. యాభై ఏళ్ళ ఆనవాయితీని చెరిపేశారని ఎదుటివాళ్ళు అన్నారు. నాకు మొదటి వాదమే సబబుగా తోస్తుంది. కానీ దాని వెనకాలే ఇంకో మాట కూడా వినపడింది: ఇండియా గేట్ మీద పేర్లున్నవాళ్ళు పరాయి రాజు కోసం పోరాడారు కదా అని. ఆ మాట నాకు నచ్చలేదు. నెల జీతం కోసం కడుపు చేతపట్టుకుని పరాయి దేశం వచ్చి, పరాయివాడి కొలువులో ఉన్నవాళ్ళని తక్కువ చేసే అర్హత మన గల్ఫ్ తెలుగువాళ్ళలో ఎవరికుంది?

2023 డిసెంబర్ సెలవుల్లో మా అమ్మాయితో కలిసి ఆ కొత్త స్మారకానికి వెళ్ళాను. గుండ్రటి గోడలు, ఒక్కొక్కరికి ఒక్కొక్క గ్రానైటు పలక, దాని మీద పేరు, హోదా, రెజిమెంట్. సూర్యాపేట నుంచి వెళ్ళి 2020 జూన్‌లో గల్వాన్ లోయలో చనిపోయిన కల్నల్ సంతోష్ బాబు పేరు కూడా తరవాత చేర్చారని పిల్లకి చెప్పాను. ఇక వెతకడం మొదలుపెట్టింది. ఇది మన పేరులా ఉంది నాన్నా, ఇది తమిళవాళ్ళదా, వీళ్ళిద్దరిదీ ఒకే ఇంటిపేరు, అన్నదమ్ములా, అంటూ గోడ వెంబడి నడిచింది. జ్యోతి ముందు ఒక్క నిమిషం నిలబడిన పిల్ల గోడల మధ్య ముప్పావుగంట తిరిగింది. మంట చూస్తే చేతులు జోడిస్తాం. పేరు చూస్తే ప్రశ్న వేస్తాం. స్మారకం పని రెండోదే అనుకుంటాను.

వద్దనుకున్న పేరు

మూడో రకం గురించి చెప్పాలంటే ఢిల్లీ వదిలి మేముండే సౌదీ అరేబియాకి రావాలి. ఇక్కడి తూర్పు ప్రాంతంలో ఆరని మంటలకి లోటు లేదు. రాత్రిపూట ధహ్రాన్ నుంచి అబ్‌కైక్ వైపు కారులో వెళుతుంటే చమురు క్షేత్రాల గ్యాస్ మంటలు దూరంనుంచే కనిపిస్తాయి. అవి ఎవరి జ్ఞాపకార్థమూ కావు. సైనికుల కోసం వెలిగించిన జ్యోతి మటుకు నేనిక్కడ ఎక్కడా చూడలేదు. సమాధి మీద కట్టడం కట్టకూడదు, దాన్ని పూజించే చోటు చెయ్యకూడదు అన్నది ఇక్కడి మత సంప్రదాయం. రియాద్‌లో అల్ ఊద్ శ్మశానంలో ఈ దేశాన్ని స్థాపించిన అబ్దుల్ అజీజ్ రాజు ఉన్నాడు. 2005లో పోయిన ఫహద్, 2015లో పోయిన అబ్దుల్లా కూడా అక్కడే ఉన్నారు. పాలరాతి మందిరం లేదు, జ్యోతి లేదు. మామూలు మట్టి, గుర్తుకి రాయి.

మొదట్లో మనబోటివాళ్ళకి ఇది నిర్లక్ష్యంలా కనిపిస్తుంది. కొన్నాళ్ళు ఉన్నాక దీని తర్కం అర్థమవుతుంది. రాజుకీ కూలివాడికీ ఒకే మట్టి అన్నప్పుడు పేరు లేకపోవడం అవమానం కాదు, ఒక రకమైన సమానత్వం. బస్రా గోడకీ దీనికీ తేడా చూడండి. అక్కడ అధికారికి పేరు, సిపాయికి అంకె. ఇక్కడ ఎవరికీ పేరు లేదు. మొదటిది అన్యాయం, రెండోది నమ్మకం. నాకు ఆ నమ్మకం లేకపోయినా దాని నిజాయితీకి నమస్కారం పెట్టగలను. పేరు లేకపోవడం తనంతట తనే మంచీ కాదు, చెడ్డా కాదు. ఎవరు, ఎవరి తరఫున నిర్ణయించారన్నదే ప్రశ్న.

కారణం చెప్పని మంట

నా రెండో అభ్యంతరం కారణం గురించి. దీనికి మా ఊరి పక్కనే జరిగిన సంగతి చెప్పాలి.

1991 ఫిబ్రవరి 25 రాత్రి, గల్ఫ్ యుద్ధం ముగియడానికి మూడు రోజుల ముందు, ఇరాక్ వదిలిన ఒక స్కడ్ క్షిపణి అల్ ఖోబర్‌లో అమెరికా సైనికులు బస చేసిన గోదాము మీద పడి 28 మంది చనిపోయారు. వాళ్ళలో 13 మంది పెన్సిల్వేనియాలో గ్రీన్స్‌బర్గ్ అనే చిన్న ఊరి నుంచి వచ్చిన రిజర్వు దళం వాళ్ళు. వాళ్ళ పని తుపాకీ పట్టడం కాదు, నీళ్ళు శుద్ధి చెయ్యడం. ధహ్రాన్‌లో పేట్రియాట్ క్షిపణి రక్షణ వ్యవస్థ పనిచేస్తూనే ఉంది, కానీ ఆ స్కడ్‌ని అడ్డుకోలేదు. కారణం ఒక సాఫ్ట్‌వేర్ లోపం.

మన జర్నల్ చదివేవాళ్ళలో చాలామంది నా వృత్తివాళ్ళే గనక కాస్త వివరంగా చెబుతాను. ఆ కంప్యూటరు కాలాన్ని సెకనులో పదో వంతు చొప్పున లెక్కపెట్టేది. పదో వంతు అనే సంఖ్యని బైనరీలో పూర్తిగా రాయలేం, ఎక్కడో ఒక చోట తెగ్గొట్టాలి. అందులో 24 బిట్ల దగ్గర తెగ్గొట్టారు. ఒక్కోసారి పోయేది సెకనులో కోటో వంతు కన్నా తక్కువే. కానీ ఆ యంత్రాన్ని ఆపకుండా దాదాపు వంద గంటలు నడిపారు. వంద గంటలకి తేడా సెకనులో మూడో వంతు అయింది. సెకనుకి 1,600 మీటర్లకి పైగా వేగంతో వచ్చే స్కడ్ ఆ వ్యవధిలో అర కిలోమీటరు దాటిపోతుంది. యంత్రం ఆకాశంలో తప్పు చోట వెతికింది, అక్కడ ఏమీ లేదనుకుంది. ఎక్కువసేపు నడిపితే గురి తప్పుతుందని ఇజ్రాయెల్ నుంచి రెండు వారాల ముందే కబురొచ్చింది. సరిచేసిన సాఫ్ట్‌వేర్ ధహ్రాన్‌కి ఫిబ్రవరి 26న చేరింది. ఒక్క రోజు ఆలస్యం. ఈలోగా యంత్రాన్ని ఒకసారి ఆపి మళ్ళీ మొదలుపెట్టినా సరిపోయేది.

ఈ సంగతులన్నీ ఏ జ్యోతీ చెప్పలేదు. అమెరికా ప్రభుత్వ ఆడిట్ శాఖ 1992 ఫిబ్రవరిలో వేసిన ఒక పల్చటి నివేదిక చెప్పింది. దాన్ని ఇవాళ్టికీ ఇంజనీరింగ్ కాలేజీల్లో పాఠంగా చెబుతారు. గ్రీన్స్‌బర్గ్‌లో వాళ్ళ ఊరివాళ్ళు కట్టుకున్న స్మారకం పేర్లని కాపాడుతోంది. ఆ నివేదిక కారణాన్ని కాపాడుతోంది. నన్నడిగితే ఆ 28 మందికీ రెండూ స్మారకాలే. దేశం కోసం ప్రాణాలర్పించారన్న ఒక్క వాక్యంతో సరిపెట్టేస్తే, గడియారం సరిచూడనివాడు, కబురు అందుకుని తాత్సారం చేసినవాడు ఆ వాక్యం వెనక హాయిగా దాక్కుంటారు. త్యాగం అనే మాట చాలాసార్లు చేసే పని ఇదే.

కారేంపూడి పద్ధతి

స్మారకం ముందు కారణాలు తవ్వడం మర్యాద కాదని మీరనవచ్చు. ఆ మర్యాద మన పాతవాళ్ళు పెట్టింది కాదు. మన ఊళ్ళ పొలిమేరల్లో ఉండే వీరగల్లులు చూడండి. శాసనం ఉన్నవాటిలో చాలావాటి మీద ఫలానావాడు ఫలానా పోరులోనో, పశువుల కోసమో పడ్డాడని రాసి ఉంటుంది. పల్నాడులో కారేంపూడి సంగతి ఇంకా గొప్పది. పన్నెండో శతాబ్దపు యుద్ధంలో పోయినవాళ్ళకి అక్కడ వీరుల గుడి ఉంది, ఏటా కార్తీకమాసంలో ఉత్సవం జరుగుతుంది. ఆయుధాలకి పూజ చేస్తారు, వీరవిద్యావంతులు కథ పాడతారు. ఆ కథలో రాజబంధువుల పేర్లతో పాటు కన్నమదాసు పేరు కూడా ఉంటుంది. అందరూ కలిసి తిన్న చాపకూడు ఉంటుంది. అన్నిటికీ మించి, అంతమంది చావుకి దారితీసిన కోడిపందెం ఉంటుంది. మా వీరులు కోడిపందెం తగాదాలో పోయారని చెప్పుకోవడానికి పల్నాడు ఎనిమిది వందల ఏళ్ళుగా సిగ్గుపడలేదు. కారణం చిన్నదని వీరుడు చిన్నవాడు కాలేదు. పేరూ, కారణమూ ఏడాదికోసారి గొంతెత్తి పాడుకుంటే దీపం దానంతట అదే ఆరకుండా ఉంది.

జ్యోతులు ఆర్పెయ్యమని నేననడం లేదు. ఢిల్లీ వెళ్ళినప్పుడు పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్ళండి. జ్యోతికి దణ్ణం పెట్టించి, ఆ తరవాత గోడల దగ్గరికి తీసుకెళ్ళి ఒక పేరు చదివించండి. ఆయన ఎక్కడ పోయాడో, ఆ యుద్ధం ఎందుకొచ్చిందో ఇంటికొచ్చి వెతికించండి.

ఇక మనవంతు పని ఒకటుంది. మనలో సగం మందిమి డేటాబేసులతో బతుకుతున్నవాళ్ళం. యుద్ధ సమాధుల సంఘం రికార్డులు ఎవరైనా వెతికి చూసుకునేలా ఇంటర్నెట్‌లో ఉన్నాయి. మన ఊళ్ళల్లో తాతల కాలపు పింఛను కాగితాలు, పతకాలు ట్రంకు పెట్టెల అడుగున ఉన్నాయి. ఈసారి సెలవులకి వెళ్ళినప్పుడు ఆ పెట్టె ఒకసారి తెరిపించండి. పేరు, ఊరు, దళం, పోయిన చోటు తెలుగులో రాసి తెండి. బస్రా గోడ మీద అంకెల్లో కలిసిపోయిన మనవాళ్ళు ఎందరో తేలడానికి సంవత్సరాలు పట్టవచ్చు. మన సంచిక ఏటా వస్తూనే ఉంటుంది, అందులో నాలుగు పేజీలు వాళ్ళకి కేటాయించమని సంపాదకుల్ని అడుగుతున్నాను.